అమ్మవారు వెళ్ళిపోయిన ఇల్లు

నేను నర్సుగా చేసిన పనిలో ఇంజక్షన్లు, బిళ్ళలు, బీపీ చూడడం అన్నీ కలిపినా సగం కాదు. మిగతాదంతా కూర్చోవడమే. నిద్రపట్టని మనిషి మంచం పక్కన, ఏడుపు ఆగని మనిషి పక్కన, గోడకేసి తిరిగి పలకని మనిషి పక్కన కూర్చోవడం. నర్సింగ్ స్కూల్లో ఈ పని ఎవరూ నేర్పలేదు. ఇదీ ఉద్యోగంలో భాగమేనని చాలా ఏళ్ళదాకా నాకు తెలియలేదు.

మాది అనకాపల్లే. గవరపాలెంలో పుట్టాను, ఇప్పుడూ అక్కడే ఉంటున్నాను, ఒక్కదాన్నే. రిటైరయ్యాక ఒకసారి ఇద్దరు కొత్త నర్సులు ఇంటికొచ్చి, "మేడమ్, మమ్మల్ని సైకియాట్రీ వార్డులో వేస్తున్నారు. భయంగా ఉంది" అన్నారు. రోగులు కొడతారేమోనని వాళ్ళ భయం. నా సర్వీసు మొత్తంలో నా మీద చెయ్యి చేసుకున్నవాళ్ళు చాలా తక్కువ. భయపడవలసింది వేరే ఉంది. అదేమిటో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. టీ ఇచ్చి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక, అది చెప్పాలంటే ఒక మనిషి కథ మొత్తం చెప్పాలని అర్థమైంది.

ఆవిడని నూకాలు అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. మా వైపు ఆ పేరు ప్రతి వీధిలోనూ ఉంటుంది కనుక ఎవరికీ ఇబ్బంది లేదు.

*మెట్లకి పైన, మెట్లకి కింద*

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను చేరిన ఆసుపత్రి చాలా చిన్నది. రెండంతస్తుల ఇల్లు ఒకటి అద్దెకి తీసుకుని ఆసుపత్రి చేశారు. కింది వార్డు మనసు బాగాలేనివాళ్ళకి. పై వార్డు తాగుడు మాన్పించడానికి. పైకి బెల్లం మార్కెట్లో బళ్ళు లాగేవాళ్ళు, లారీ డ్రైవర్లు, ఒకరిద్దరు బడిపంతుళ్ళు వచ్చేవారు. వాళ్ళని ఇంటివాళ్ళు తిట్టుకుంటూ తీసుకొచ్చేవారు. కింది వార్డు వాళ్ళని మాత్రం మాట్లాడకుండా, ఎవరైనా చూస్తారేమోనని తలుపుదాకా ఆటో తెచ్చి దింపేవారు.

ఆసుపత్రి పెట్టిన పెద్ద డాక్టరు గారిది ఒకటే నియమం. ముందు మందు మానాలి, మనసు సంగతి ఆ తర్వాత. తాగేవాడికి వేరే జబ్బు ఉందంటే ఒప్పుకునేవారు కాదు. "తాగుతున్నాడు కాబట్టి ఏడుస్తున్నాడు, సిస్టర్. ఏడుపొస్తోంది కాబట్టి తాగుతున్నానని వాడు చెప్తాడు. మీరు నమ్మేస్తారు" అనేవారు. ఒక రోగి పైనుంచి కిందకి గాని, కిందనుంచి పైకి గాని మారడం నేను చేరిన మొదటి ఏళ్ళలో చూడలేదు.

ఆయన మంచి డాక్టరు. పిలిస్తే అన్నం ముందునుంచి లేచి వచ్చేవారు. కానీ తాగేవాళ్ళ మీద ఆయనకొక పాత కోపం ఉండేది. వాళ్ళ నాన్నగారు తాగి తాగి పోయారని ఒకసారి ఎందుకో మాటల్లో చెప్పారు, మళ్ళీ ఆ ప్రసక్తి ఎత్తలేదు. ఆ కోపం మంచం మీద ఉన్నవాళ్ళు సంపాదించుకున్నది కాదు. అయినా వాళ్ళే పడేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరే మీకూ ఇలాంటి పై అధికారులు దొరుకుతారు. వాళ్ళని చెడ్డవాళ్ళనుకోవడం తేలిక. నేను కొన్నాళ్ళు అనుకున్నాను కూడా.

*నూకాలు*

సముద్రపొడ్డున పూడిమడకలో ఉంటూ, అక్కడ చేపలు కొని అనకాపల్లి తెచ్చి అమ్మే మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు నలభై దగ్గరుంటాయేమో. పొడుగ్గా, గట్టిగా ఉండేది. భర్త గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళాడు. మొదట్లో ఏడాదికోసారి వచ్చేవాడు, తర్వాత రావడం మానేశాడు. పిల్లలు లేరు. పక్కింట్లో తోడికోడలు గురమ్మ కుటుంబం. ఆవిడే తీసుకొచ్చి చేర్పించింది.

"మా తోడికోడలమ్మా. మంచిదాయి. సారా మాన్పించండి సాలు, మరేటీ వద్దు" అంది గురమ్మ.

ఆడవాళ్ళకి పై వార్డులో చోటు లేదు. స్టోరు గది పక్కన ఉన్న చిన్న గదిలో మంచం వేశారు. అంటే నూకాలు పైనా కాదు, కిందా కాదు. రెండు వారాల్లో ఒళ్ళు తేరుకుంది, చేతుల వణుకు తగ్గింది, పంపించేశాం. కొన్ని నెలలకి మళ్ళీ తెచ్చారు. ఈసారి ఇంకా చిక్కిపోయి ఉంది. అన్నం తినదు, మాట్లాడదు, స్నానానికి లేవదు. పెద్ద డాక్టరు గారు చూసి, "ఇదంతా మందు చేసిన పని. ఒంట్లోంచి సారా దిగితే మనసు అదే లేస్తుంది" అన్నారు. ఒళ్ళు తేరుకుంది. మనసు లేవలేదు. అలాగే పంపించాం.

ఆ మధ్యలో గురమ్మ ఆవిడని ఇంకో ఊళ్ళో మనోవ్యాధుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. ఆయన, "తాగుడు మాన్పించుకుని రండి, అప్పుడు చూస్తాను" అన్నాడట. మేము చెప్పిన మాటే అటునుంచి తిరగేసి చెప్పాడన్నమాట. ఇలా రెండు గుమ్మాల మధ్య తిరిగి తిరిగి చచ్చిపోయినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. వాళ్ళు మళ్ళీ రారు కనుక మనకి తెలిసే దారి లేదు.

మూడోసారి నూకాలు ఊరి పండగ అయిన మర్నాడు వచ్చింది. అది వేరే నూకాలు. కళ్ళు మెరిసిపోతున్నాయి, గొంతు బొంగురుపోయింది, నుదుటి నిండా కుంకం, ఒళ్ళంతా పసుపు. మాట ఆగదు. వార్డులో ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టి దీవిస్తోంది. నన్ను చూసి, "ఒలే గుంటా, నీ ఇంట్లో ఒంటిదీపం ఎలుగుతాందే" అంది. నేను ఒక్కదాన్నే ఉంటానని ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

గురమ్మ అప్పుడు చెప్పింది అసలు సంగతి. నూకాలు మీదకి ఏళ్ళుగా అమ్మవారు వాలుతుందట. అమ్మవారు ఉన్నన్నాళ్ళు నిద్రపోదు, తినదు, అలసట ఎరగదు. ఊరూవాడా వచ్చి గుమ్మం ముందు కూర్చుంటారు. సముద్రం మీద వేటకెళ్ళిన మొగుడు ఎప్పుడొస్తాడు, గుంటకి జొరం తగ్గుతుందా, అని అడుగుతారు. ఆవిడ చెప్తుంది. అమ్మవారికి సాక పొయ్యాలని, అంటే మొక్కుగా ధార పొయ్యాలని, సారా తెస్తారు. అమ్మవారు నూకాలు మీద ఉంది కాబట్టి ఆ సారా నూకాలు తాగుతుంది.

"మరి మిగతా రోజుల్లో?" అని అడిగాను.

"మిగతా రోజుల్లో అమ్మోరుండదు కదమ్మా. ముసుగెట్టుకుని తొంగుంటాది. అప్పుడు దానికదే తెచ్చుకుని తాగుతాది" అంది గురమ్మ.

*శనివారం డాక్టరమ్మ*

ఆ ఏడాదే విశాఖపట్నం నుంచి ఒక చిన్న వయసు డాక్టరమ్మ శనివారం శనివారం రావడం మొదలుపెట్టింది. ఆవిడ నూకాలు పక్కన చాలాసేపు కూర్చుని, పెద్ద డాక్టరు గారి గదిలోకి వెళ్ళి చెప్పింది. ఇది బైపోలార్ జబ్బు. కొన్నాళ్ళు మనసు ఆకాశానికి ఎగిరిపోతుంది, కొన్నాళ్ళు పాతాళానికి పడిపోతుంది. పడినప్పుడు లేవడానికి తాగుతుంది, ఎగిరినప్పుడు ఊరు పోసి తాగిస్తుంది. ఒకటి మాన్పించి రెండోది చూద్దామంటే రెండూ మానవు. రెండింటికీ ఒకేసారి వైద్యం చెయ్యాలి.

లోపల మాటలు పెరిగాయి. పెద్ద డాక్టరు గారు, "తాగే మనిషికి లిథియం ఇస్తావా? రేపేమైనా అయితే ఎవరు చూస్తారు?" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. ఆ మందు జాగ్రత్తగా వాడాలి, రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. చివరికి, "నీ పేషెంటు. నీదే బాధ్యత" అని ఒప్పుకున్నారు.

నూకాలు కాస్త నెమ్మదించాక డాక్టరమ్మని ఒక మాట అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"అయితే ఇన్నేళ్ళూ అమ్మోరు రానేదా తల్లీ? అదంతా జబ్బేనా?"

మనలో చాలామంది అక్కడ ఉపన్యాసం మొదలుపెడతాం. డాక్టరమ్మ మొదలుపెట్టలేదు.

"అమ్మవారి సంగతి నాకు తెలీదు, నూకాలూ. అది చెప్పేంతదాన్ని కాదు. నిద్ర సంగతి నాకు తెలుసు. అమ్మవారు వచ్చినా రాకపోయినా నువ్వు రోజూ పడుకోవాలి. సారా ముట్టకూడదు. ఈ రెండూ అమ్మవారికి కోపం తెప్పించేవి కావు కదా?"

"నేదు," అంది నూకాలు. ఆలోచించి మళ్ళీ అంది, "అమ్మోరికి నేదు. ఊరోళ్ళకి వత్తాదేమో."

*సాయంత్రాలు*

ఆ తర్వాత నెలనెలా చూపించుకోవడానికి వచ్చేది. చేపలమ్ముకుని, బుట్ట కడుక్కుని, ఆసుపత్రి గేటు బయట బోర్లించి లోపలికి వచ్చేది. బిళ్ళలు సరిగ్గా వేసుకునేది. రక్తపరీక్షలు బాగుండేవి. డాక్టరమ్మ సంతోషపడేది. నేనూ పడ్డాను.

ఒక రోజు బీపీ చూస్తూ మాటవరసకి, "సాయంత్రం పూట ఏం చేస్తుంటావు?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "అదేనమ్మా తెలకుండా ఉన్నాది. సేపలు అమ్ముడైపోతే మూడు గంటలకి ఇంటికెల్లిపోతాను. ఆ తరవాతేటి సెయ్యాలి? ముందైతే ఆటోలోనే మొదలెట్టీవోళ్ళం. నలుగురం ఆడోళ్ళం, ఒక సీసా తలో గుక్కా ఏసుకుని, పాడుకుంటా ఎల్లీవోళ్ళం. ఇప్పుడు నానెక్కితే అందరూ నోరు మూసుకుంటారు. సీసా తియ్యరు. నాను దిగిపోయేక తీత్తారు. నాకు తెల్దేటి?"

"వాళ్ళు నీ మంచికే..."

"మంచికే. కాదంటానేటి? అందుకే ఎనకాల ఆటో ఎక్కుతన్నాను. ఒక్కద్దాన్నే."

పై వార్డులో తాగుడు మానేసినవాళ్ళు వారానికోసారి గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునేవారు. ఎవరికి వాళ్ళు తమ కథ చెప్పుకోవడం, మిగతావాళ్ళు వినడం. చాలామందికి అది ఊపిరి పోసింది. నూకాలుని అక్కడికి రమ్మన్నాను. వచ్చింది. మగవాళ్ళంతా కాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నారు. ఆవిడ నోరు తెరిచి అమ్మవారి సంగతి ఎత్తగానే ఒకాయన మర్యాదగానే అన్నాడు, "అమ్మా, నువ్వు సెప్పీది ఏరే. అది కింద డాకటరుకి సెప్పుకోవాలి." ఆవిడ లేచి వచ్చేసింది. కింది వార్డు ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెడితే, అందులో ఒకామె తల్లి, "తాగుబోతు పక్కన మా పిల్లని కూచోబెడతారా?" అని నాతో పోట్లాడింది.

అప్పటినుంచి నూకాలు చూపించుకోగానే మెట్ల మీద కూర్చునేది. పైకి రెండు మెట్లు ఎక్కి, గోడకి ఆనుకుని. రద్దీ తగ్గాక నేనూ వెళ్ళి కింది మెట్టు మీద కూర్చునేదాన్ని. ఎక్కువ మాటలుండేవి కాదు.

*వణుకు*

ఆ ఎండాకాలం చివర్లో గురమ్మ ఆవిడని ఆటోలో పడుకోబెట్టి తెచ్చింది. కాళ్ళు తూలుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, చేతులు వణుకుతున్నాయి. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది.

"మళ్ళీ మొదలెట్టేసినాదమ్మా," అని గురమ్మ తల బాదుకుంది. "ఎక్కడ తాగినాదో, ఎవులిచ్చేరో. నా కల్లల్లోకి సూసి తాగనేదని అబద్దమాడతాంది."

పెద్ద డాక్టరు గారు గుమ్మంలోంచే చూశారు. చూస్తే ఎవరికైనా తాగిన మనిషే. "తాగుడు కేసే, స్టోరు పక్క గదిలో వెయ్యండి. నేను ముందే చెప్పాను" అని మెట్లెక్కడం మొదలుపెట్టారు.

నూకాలు నా చెయ్యి పట్టుకుని ఏదో అంటోంది. వినబడక దగ్గరగా వంగాను. సారా వాసన రాలేదు. చెమట, చేపల నీచు, వాంతి వాసన అంతే. "వాసన లేదు సార్," అన్నాను. "వాసన రాని సరుకు తాగి ఉంటుంది," అన్నారు ఆయన, వెనక్కి తిరగకుండా. సగం మెట్లెక్కి ఆగారు. అక్కడే నిలబడి గోడ మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించారు. తర్వాత గబగబా దిగివచ్చి, "నీళ్ళు తాగుతోందా ఈవిడ? ఎన్నాళ్ళయింది సరిగా తిని?" అని గురమ్మని అడిగారు. నాలుగు రోజులుగా విరేచనాలని, ఆ ఒంటితోనే ఎండలో చేపలమ్మిందని అప్పుడు బయటపడింది. ఆయనే డాక్టరమ్మకి ఫోను చేశారు. ఆయనే స్వయంగా రక్తం తీసి పరీక్షకి పంపించారు.

అది తాగుడు కాదు. ఒంట్లో నీరు తగ్గిపోయి లిథియం పేరుకుపోయింది. ఇంకొక రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది, అది ఇక్కడ రాయను. ఆ బిళ్ళలు ఆపేసి, సెలైన్ పెట్టి, పెద్ద డాక్టరు గారు రోజూ నాలుగైదుసార్లు వచ్చి చూసేవారు.

ఆవిడ తేరుకున్నాక ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయన రోగి పక్కన కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. "నువ్వు తాగావనుకున్నాను నూకాలూ. తప్పు నాది" అన్నారు.

నూకాలు దుప్పటి పక్కకి తోసి లేచి కూర్చుంది.

"మీరొక్కరే కాదు బాబూ. నానూ అలగే అనుకున్నాను. నిద్దట్లో లేసి తాగేసేనేమో, నాకే తెల్దేమో అనుకున్నాను. తాగనేదని గురమ్మకి సెప్తన్నాను గాని, నాకే నమ్మకం నేదు."

పెద్ద డాక్టరు గారు ఆవిడ నాడి చూసి, లేచి వెళ్ళిపోయారు. వార్డులోకి కొత్తగా వచ్చే ప్రతి నర్సుకీ నేను ఈ మాట చెప్పేదాన్ని. ఒకసారి తాగుబోతు అనిపించుకున్న మనిషి మాట ఇంటివాళ్ళు నమ్మరు, ఊరివాళ్ళు నమ్మరు. వాళ్ళందరికన్నా ముందు ఆ మనిషే తనని తాను నమ్మడం మానేస్తుంది. మీరైనా ముందు నమ్మండి. అబద్ధమైతే తర్వాత తెలుస్తుంది, అప్పుడు పోయేదేమీ ఉండదు.

*పండగ*

మందు మార్చారు, మోతాదు సరిచేశారు. ఆ ఏడు గడిచింది. ఉగాదికి ముందొచ్చే కొత్త అమావాస్య దగ్గరపడుతుండగా నూకాలు ఒక శనివారం వచ్చి, చూపించుకోవడం అయిపోయినా వెళ్ళకుండా నిలబడింది.

"సిస్టరమ్మా, మా ఊరి పండగొత్తాంది. ఆ రోజు మా ఇంటికొత్తావేటి? ఏటీ సెయ్యొద్దు. నా పక్కన కూకుంటే సాలు."

రోగుల ఇళ్ళకి వెళ్ళకూడదని మా నియమం. పెద్ద డాక్టరు గారిని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నేను మీకు సెలవిస్తున్నాను. సెలవు రోజున మీరెక్కడికి వెళ్తారో నాకెందుకు?" అన్నారు.

బస్సు దిగి నడుస్తుంటే డప్పులు దూరంనుంచే వినబడ్డాయి. ఇసుకలో ఆరేసిన చేపలు ఆ రోజుకి తీసేశారు, బోట్లకి పసుపు రాసి మామిడాకులు కట్టారు. నూకాలు ఇల్లు ఒకే గది. తల స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, గోడకి చేరబడి కూర్చుంది. తలుపు తీసే ఉంది.

"ఏసెయ్యనా?" అన్నాను.

"వద్దు. ఏసుకుంటే దాక్కున్నట్టుంటాది."

మధ్యాహ్నం దాటాక డప్పులు ఆ వీధిలోకి వచ్చాయి. చప్పుడు గోడలకి తగిలి గది మొత్తం అదురుతోంది. నూకాలు పాదాలు కదలడం మొదలుపెట్టాయి. తర్వాత మోకాళ్ళు. పళ్ళు బిగించి నా చెయ్యి పట్టుకుంది. జబ్బు తిరగబెడుతోందా, డప్పు వింటే ఆ ఊరి ఎవరి కాళ్ళైనా అలాగే ఆడతాయా అన్నది నాకు తెలియలేదు. నర్సుని కదా, నాడి చూశాను. అది చూసి ఏం చెయ్యాలో కూడా తెలియలేదు.

గుమ్మం ముందు జనం ఆగారు. ముందు గురమ్మ, చేతిలో సారా చెంబు. ఆవిడ కళ్ళలో నిజమైన భక్తి ఉంది. నేను ఆవిడని తప్పుపట్టలేను.

"లెగే నూకాలూ. అమ్మోరొచ్చి గుమ్మంలో నిలబడినాది."

"నాను లెగలేను గురమ్మా."

"అమ్మోరు వత్తానంటే వద్దంటావేటే? నీకు అమ్మోరి కన్నా ఆ బిళ్ళలెక్కువేటే?"

జనంలో ఎవరో ఏదో అన్నారు. నూకాలు చెంబుకేసి చూసి అంది:

"వద్దన్నానా? అమ్మోరు రావాలంటే రానీ. సారా లేకండా రానీ. నీల్లు పొయ్యండి, పసుపు నీల్లు. అవి తాగుతాను. అవి తాగితే వత్తాదా, సూద్దాం."

గురమ్మ చెంబుతో అలాగే నిలబడిపోయింది. డప్పు కొట్టేవాళ్ళు ఆగలేదు. కాసేపటికి జనం వెనకనుంచి ఒక అరుపు వినబడింది. ఎవరో పడుచు, పాతికేళ్ళుంటాయి, జుట్టు విరబోసుకుని ఊగుతోంది. అందరూ అటు తిరిగారు. గురమ్మ కూడా తిరిగింది. చెంబు అటు వెళ్ళింది. చూస్తుండగా గుమ్మం ఖాళీ అయిపోయింది, డప్పులు వీధి మలుపు తిరిగాయి.

గెలిచామనుకున్నాను. "అయిపోయింది నూకాలూ. ఎంత బాగా చెప్పావు!" అన్నాను.

ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు, కన్నీళ్ళే కారిపోతున్నాయి.

"ఎల్లిపోయింది సిస్టరమ్మా. నన్నొగ్గేసి ఎల్లిపోయింది. నా మొగుడెల్లిపోయినప్పుడు కూడా ఇలగ నేదు. అప్పుడు అమ్మోరున్నాది."

పక్కన కూర్చోమని అడిగింది కనుక కూర్చున్నాను. ఆఖరి బస్సు పోతుందేమోనని ఆవిడే గుర్తుచేసి పంపించింది.

*బిళ్ళ లేని చోటు*

ఆ పండగ తర్వాత నూకాలు మళ్ళీ పాతాళానికి పడింది. రెండు నెలలకి తనంతట తనే ఒక ఉదయం ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది. "నిన్న తాగేసేను," అంది. ఎవరి కళ్ళలోకీ చూడకుండా ఆ ఒక్క మాట చెప్పి, తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

పెద్ద డాక్టరు గారు, "చెప్పడానికి వచ్చావు కదా. లోపలికి రా" అన్నారు. కింది వార్డులో కిటికీ పక్క మంచం ఇమ్మన్నారు. తాగి వచ్చిన మనిషికి కింద మంచం ఇవ్వడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన ఆ పాత నియమం గురించి మాట్లాడలేదు, పాటించనూ లేదు. డాక్టరమ్మ రెండు వార్డులూ కలిపే చూసేది. వైద్యం సంగతిలో మేము ఆలస్యంగానైనా దారిలో పడ్డాం.

కానీ ఇప్పటికీ నాకు దొరకనిది ఒకటుంది. తాగుడు తీసేశాం. పూనకం తీసేశాం. రెండూ తీసెయ్యవలసినవే, తియ్యకపోతే ఆవిడ బతికేది కాదు. అవి ఉన్న చోట జనం ఉండేవారు, పాట ఉండేది, తలుపు ముందు కూర్చుని నీ మాట కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండేవారు. ఆ చోటులో మేము పెట్టినవి రెండు రంగుల బిళ్ళలు, నెలకోసారి రక్తపరీక్ష. కేసు షీట్ మీద 'మెరుగైంది' అని రాసి సంతకం పెట్టేవాళ్ళం. ఆవిడ ఖాళీ ఇంటికి వెళ్ళేది.

అందుకే మా ఇంటికొచ్చిన ఆ ఇద్దరు నర్సు పిల్లలకి చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నాను. రోగి మిమ్మల్ని కొడతాడేమోనని భయపడకండి. బాగుపడి ఒక్కడైపోతాడేమోనని భయపడండి. బిళ్ళలు వేసుకుంటున్నావా, నిద్ర పడుతోందా అని ఎలాగూ అడుగుతారు. నిన్న ఎవరితో కలిసి అన్నం తిన్నావని కూడా అడగండి. జవాబు రాకపోతే తర్వాతి రోగిని పిలవకండి. ఆ ఒంటరితనానికి మందు మాత్రం నన్నడగకండి. నాకు తెలిసిందల్లా ఆ మెట్ల మీద కూర్చోవడమే, అది సరిపోదని కూడా నాకు తెలుసు.

నేను రిటైరయ్యేదాకా నూకాలు వస్తూనే ఉంది. తర్వాత మళ్ళీ తాగలేదు. గురమ్మతో మాటలు కలిశాయి, మునుపటంత కాదు. ఒంట్లో ఓపిక తగ్గి బుట్ట మానేసి మార్కెట్లో ఒక మూల కూర్చుని ఎండు చేపలు అమ్మేది. ఆఖరిసారి కలిసినప్పుడు చూపించుకునే రోజు కాదది. ఏమైంది, ఎందుకొచ్చావంటే, "ఏటీ నేదు. ఊరికినే వచ్చేను" అంది. నా అన్నం డబ్బా విప్పి ఇద్దరం తిన్నాం. చేపల పులుసు నేను సరిగ్గా పెట్టలేదని నవ్వింది.

చెయ్యి కడుక్కుంటుండగా అడిగాను, "అమ్మవారి గుడికి వెళ్తున్నావా?"

"ఎల్తాను. మంగలారం మంగలారం ఎల్తాను. అందరాడోళ్ళతో పాటు వరసలో నిలబడి, కొబ్బరికాయిచ్చి, దణ్ణవెట్టుకుని వచ్చెత్తాను." తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "అదేనమ్మా కట్టం. అందరిలాగ దణ్ణవెట్టుకోడం. ముందు నాను ఆయమ్మ లోపలున్నాను. ఇప్పుడు బైట నిలబడి, నన్ను గుర్తుపడతాదా నేదా అని సూత్తంటాను."

"గుర్తుపడుతుందా?"

ఆవిడ నావైపు చూసి, ఆ సంగతి నాకెలా చెప్పాలో తెలియనట్టు చిన్నగా నవ్వింది.

"తెల్దు. ఐనా ఎల్తన్నాను."